పాలకుర్తి నుంచి గోదారి దాకా, దిగి చూడాల్సిన దారి

కాళేశ్వరం పోయొచ్చినవాళ్లను దారిలో ఏం చూశారని అడిగితే చాలామంది చెప్పేది లారీల సంగతే. పరకాల దాటాక బొగ్గు లారీలు, ఇసుక లారీలు వరసగా ఎదురొస్తాయన్నది నిజమే. తెల్లారకముందే బయల్దేరి, గోదాట్లో మునిగి, అభిషేకం చేయించుకుని, చీకటి పడేసరికి ఇంటికి చేరడం మనకు అలవాటైపోయింది. 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు వెళ్లిన జనంలోనూ ఎక్కువమంది అలాగే పోయొచ్చారు. అటూ ఇటూ ఇంత చరిత్ర ఉన్న దారిని వట్టి కిలోమీటర్ల కింద లెక్కగట్టడం నాకు బాధగా ఉంటుంది. నా మాట విని ఈ ప్రయాణాన్ని రెండు రోజులు పెట్టుకోండి. పాలకుర్తిలో మొదలుపెట్టండి.

పాలకుర్తి గోదావరి ఒడ్డున లేదు. అక్కడ మొదలుపెట్టమనేది అందుకే. గోదారి విలువ తెలియాలంటే ముందు అది లేని నేలను చూడాలి. గుట్ట మీద ఒక గుహలో సోమేశ్వరుడు, ఇంకో గుహలో నరసింహస్వామి. చుట్టూ తిరిగి మొక్కడానికి దారిలేక అల్లాడిన ఒక ముసలమ్మ కోసం గుట్టే రెండుగా చీలిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ బండల నడుమ ఇరుకు సందులోంచే ఇప్పటికీ ప్రదక్షిణ. ద్విపదలో బసవపురాణం రాసిన సోమనాథుడిది ఈ ఊరే. పక్కనే బమ్మెర. పోతన ఇక్కడ నాగలి పట్టాడనేది ఈ ప్రాంతం వదులుకోని నమ్మకం.

పాలకుర్తికి వచ్చి గుడి చూసి వెళ్లిపోతే సగమే చూసినట్టు. చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలం ఈ ఊళ్లోదే. కోతకొచ్చిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు ఆమె వెంట నిలబడి వడ్లను ఆమె ఇంటికే చేర్చారు. కడవెండి కూడా ఈ చుట్టుపక్కలే. 1946 జులై 4న దొరల మీద పోరాటంలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిన ఊరది. పర్యాటక పటాల్లో కవుల ఊళ్లకూ గుళ్లకూ ఇచ్చే చోటు ఈ పొలానికీ ఈ ఊరికీ కూడా ఇవ్వాలి. మెట్ట నేలలో చెరువు నిండితేనే పంట. ఆ గింజ కోసం మనుషులు ప్రాణాలకు తెగించారు.

ఇక్కడి నుంచి వరంగల్ మీదుగా పరకాల. అక్కడి అమరధామం దగ్గర ఒక్క పావుగంటైనా ఆగండి. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయినవాళ్ల మీద నిజాం బలగాలు కాల్పులు జరిపిన చోటు. రేగొండ వైపు పాండవుల గుట్టల్లో ఆదిమానవులు ఎర్రరంగుతో గీసిన బొమ్మలున్నాయి. పొద్దెక్కితే బండలు కాలిపోతాయి కాబట్టి పొద్దున్నే ఎక్కాలి.

అన్నిటికంటే ఎక్కువసేపు ఉండాల్సింది ఘనపురం కోటగుళ్ల దగ్గర. చెల్పూరు దగ్గర పెద్దరోడ్డు వదిలి కొంచెం లోపలికి పోవాలి. గణపతిదేవుడి కాలపు ఆలయ సముదాయం ఇది. పెద్దగుడి చుట్టూ వరసగా చిన్నగుళ్లు. కొన్ని నిలబడ్డాయి, కొన్ని ఒరిగాయి. ఏనుగును అణచిపెట్టిన గజకేసరి శిల్పం దగ్గర నిలబడి రాతిలో చెక్కిన గోళ్లు చూడండి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దానికి ఎంతో దూరం లేని ఈ గుళ్లకు మాత్రం ఆ పేరులో వీసమెత్తు కూడా రాలేదు. గుడి చూశాక చెరువు కట్ట ఎక్కండి. పెద్ద నది పారని చోట కాకతీయులు వానను ఎలా కూడబెట్టారో అక్కడ తెలుస్తుంది. ఆ చెరువు కింద పొలాలు ఇప్పటికీ పారుతున్నాయి.

కాటారం దాటాక అడవి మొదలవుతుంది. మహదేవపూర్ దసలి పట్టుకు పేరున్న చోటు. మల్బరీ పట్టులా ఇంట్లో తట్టల్లో పెంచేది కాదిది. మద్ది చెట్ల మీదే పురుగులను వదిలి, పిట్టలు ఎత్తుకుపోకుండా పగలంతా కాపు కాయాలి. ఇక్కడి నుంచి ఒక దారి మేడిగడ్డకు పోతుంది. 2019లో ప్రారంభమైన ఆ బ్యారేజీలో 2023 అక్టోబరులో పియర్లు కుంగాయి. ఘనపురం కట్ట ఎక్కినరోజే దీన్నీ దూరం నుంచైనా చూడాలంటాను. నీళ్లలోకి మాత్రం దిగకండి. 2025 జూన్‌లో అక్కడ స్నానానికి దిగిన ఆరుగురు మునిగి చనిపోయారు. ఏటి ఒడ్డున ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో చెప్పే మనిషి పండగలప్పుడే కాదు, ఏడాది పొడుగునా ఉండాలి.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడి లింగం, ముక్తేశ్వర లింగం. అక్కడే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇంకా దిగువన గంగారం దగ్గర ఇదే గోదావరి నీటిని దేవాదుల పథకం మోటార్లతో ఎత్తి, ధర్మసాగర్ మీదుగా జనగామ చెరువుల దాకా తెస్తున్నారు. మీరు కారులో వచ్చిన వైపుకే నీళ్లు గుట్టలెక్కి పోతున్నాయన్నమాట.

సర్కారును నేను అడిగేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. హన్మకొండ నుంచి శనివారం ఒక ఆర్టీసీ బస్సు వేసి పాండవుల గుట్టల దగ్గర, కోటగుళ్ల దగ్గర గంటన్నర చొప్పున ఆపాలి. చదువుకున్న ఊరి పిల్లలకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టాలి. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలి. ఇక మీరు రాత్రికి కాళేశ్వరంలోనే బస చేయండి. తెల్లవారి వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. అక్కడి బజార్లో ఒక చాయ్ తాగి, తెలుగులోనే బేరమాడి వెనక్కి రావచ్చు.