లోపం తెలిపిన కాగితం ఎక్కడ ఆగిపోతున్నది?

కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయానికి హుగ్లీ ఆవలి గట్టున, హౌరా జిల్లాలో, బాంక్రానయాబాజ్ అనే చిన్న స్టేషను ఉన్నది. 2022 మే 16న అక్కడ తప్పుడు వైరింగు వల్ల, కేబుల్ లోపం వల్ల సిగ్నలు చూపిన దారి ఒకటి, రైలు పోయిన దారి మరొకటి అయినది. ఆ స్టేషను పేరు నాడు మనలో ఎందరికి తెలుసు?

ఏడాది గడిచినది. 2023 జూన్ 2 సాయంకాలం అదే ఖరగ్‌పూర్ డివిజనులోని బహనాగా బజార్ స్టేషనులో, షాలిమార్ నుండి చెన్నైకి వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుపై ఆకుపచ్చ సిగ్నలు లభించినది. పాయింట్లు మాత్రం లూప్ లైనుకు అమరి ఉన్నవి. ఇనుప ఖనిజంతో నిలిచివున్న గూడ్సును బండి ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు బెంగుళూరు - హౌరా ఎక్స్‌ప్రెస్‌కు తగిలినవి. 290 మందికి పైగా అసువులు బాసినారు. శ్రీకాకుళం నుండి విజయవాడ వరకు ఎన్ని కుటుంబాలకు ఆ బండి బ్రతుకుతెరువు దారియో మన సభ్యులకు చెప్పనక్కరలేదు.

ఆగ్నేయ మండల రైల్వే భద్రతా కమిషనర్ జరిపిన విచారణలో తేలిన విషయం గుండెను కలచివేయునట్టిది. స్టేషను ఉత్తరపు గుమ్టీలో పూర్వం సిగ్నలు సర్క్యూట్లను మార్చినప్పుడు దొర్లిన తప్పు, 94వ నంబరు గేటు వద్ద లిఫ్టింగ్ బారియర్ మార్చే పనిలో దొర్లిన తప్పు కలిసి ఈ ఘోరానికి కారణమైనవి. తీగలకు వ్రాసిన గుర్తులు తప్పని ఏళ్ల తరబడి ఎవరూ కనిపెట్టలేదు. బాంక్రానయాబాజ్ ఉదంతం తరువాత తప్పుడు వైరింగును సరిదిద్దే చర్యలు తీసుకొనివుంటే బహనాగా ప్రమాదం జరిగివుండేది కాదని కమిషనర్ నివేదిక స్పష్టపరచినది.

హెచ్చరిక అది ఒక్కటే కాదు. 2023 ఫిబ్రవరి 8న నైరుతి రైల్వే మైసూరు డివిజను హోసదుర్గ రోడ్ స్టేషనులో ఇటువంటి తప్పే జరిగినది. లోకో పైలట్ పాయింట్లను గమనించి బండిని నిలిపివేసినందున ప్రాణాలు దక్కినవి. మరునాడే ఆ రైల్వే ప్రధాన ముఖ్య ఆపరేషన్స్ మేనేజరు లేఖ వ్రాస్తూ, ఈ వ్యవస్థలోని తీవ్ర లోపాలను సరిదిద్దకపోతే ఘోర ప్రమాదాలు తప్పవని హెచ్చరించినారు. నాలుగు నెలలైనా నిండలేదు, బహనాగా జరిగినది. అంతటి అధికారి లేఖ గతియే ఇదైతే, గ్యాంగ్‌మన్ నోటిమాటకు, టెక్నీషియన్ వ్రాసిన రెండు పంక్తులకు విలువ ఎంత?

మన వైపు తప్పును కప్పిపుచ్చుకోవలసిన అవసరం లేదు. పాయింట్లు మాటిమాటికి విచిత్రంగా ప్రవర్తిస్తున్న సంగతిని స్టేషను నుండి సిగ్నలు సిబ్బందికి తెలిపివుంటే నివారణకు అవకాశం ఉండేదని కూడ నివేదిక పేర్కొన్నది. తెలుపవలసినదే. అయితే తెలిపినవానికి దక్కేదేమిటో పని చేసేవారందరికి తెలుసు. ఫెయిల్యూర్ అని వ్రాస్తే బండి ఆగుతుంది. బండి ఆగితే సంజాయిషీ అడుగుతారు. వ్రాయక సరిపెట్టుకుపోయినవాడు సమర్థుడు! ప్రమాదం జరిగిన నాడు చేతికి చిక్కేదీ అతడే. బహనాగా కేసులో 2023 జూలైలో సి.బి.ఐ. ముగ్గురు రైల్వే ఉద్యోగులను అరెస్టు చేసినది. 2024 జూన్ 17న రంగాపానీ వద్ద సియాల్దా వస్తున్న కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు ఢీకొన్నప్పుడు, మరణించిన లోకో పైలట్‌పై ఆ రోజే నింద మోపినారు. ఆటోమేటిక్ సిగ్నళ్లు తెల్లవారుజాము నుండి చెడివున్నవనీ, నిర్వహణలో పలు స్థాయిల వైఫల్యం ఉన్నదనీ విచారణలో తరువాత తేలినది.

ఈ జాడ్యం రైల్వేలకే పరిమితం కాదు. నరోరా అణు విద్యుత్కేంద్రంలోని టర్బైన్ల బ్లేడ్ల డిజైనులో లోపమున్నదని, మార్చవలసినదని 1989లోనే డిజైను సంస్థ తెలిపినది. టర్బైను నిర్మాతలు మార్పు చిత్రపటాలను సైతం సిద్ధపరచినారు. కేంద్రం నడిపేవారు కదలలేదు. 1993 మార్చి 31 వేకువన రెండు బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకొని, కేబుళ్లు కాలిపోయి, 17 గంటలపాటు కేంద్రమంతా విద్యుత్తు లేకపోయినది. ఆపరేటర్లు చేతిలో టార్చిలైట్లతో రియాక్టరు భవనం పైకెక్కి, బోరాన్ ద్రావణం వదిలే వాల్వులను చేతులతో త్రిప్పి మహా విపత్తును అడ్డుకొన్నారు. హెచ్చరికను పట్టించుకోనివారు ఒకరు, చీకటిలో మెట్లెక్కినవారు ఇంకొకరు.

రైల్వే తనిఖీ శాఖను 1941లో రైల్వే బోర్డు నుండి వేరుచేసి, నాటి తపాలా, వైమానిక శాఖ క్రింద ఉంచినారు. తనిఖీదారు తనిఖీకి గురయ్యేవాని చెప్పుచేతలలో ఉండరాదన్న ఆ నియమం మంచిది. తపాలా సోదరులకు ఈ సంబంధం వినోదంగా తోచవచ్చు. కాని ప్రమాద విచారణకు కమిషనర్ వచ్చేది శవాలు లేచిన తరువాతనే. మనకు కావలసినది అంతకు ముందరి ఏర్పాటు.

ఆ ఏర్పాటు తపాలా ఉద్యోగులకు కొత్తదికాదు. ఉత్తరం ముట్టినట్లు సంతకం తీసుకొనే పద్ధతిని రిజిస్టర్డు పోస్టు తరతరాలు నడిపినది. 2025లో అది స్పీడు పోస్టులో విలీనమైనా ఆ పద్ధతి విలువ తగ్గలేదు. సిగ్నలు పనికి డిస్కనెక్షన్ మెమో ఇస్తే స్టేషను మాస్టరు సంతకం చేస్తారు. మరి లోపం ఉన్నదని క్రింది ఉద్యోగి పైకి పంపే కాగితానికి సంతకం ఏల ఉండరాదు? ప్రతి నివేదికకు నంబరు, అందుకొన్న అధికారి సంతకం, గడువులోగా వ్రాతపూర్వక సమాధానం, ఒక ప్రతి యూనియనుకు. నివేదించిన ఉద్యోగిని అందువల్ల బదిలీ చేయరాదు. ఇదే మన కోరిక. లోపాలను బయటపెట్టేవారి రక్షణకై 2014లో చట్టం ఆమోదం పొందినది. పదేళ్లు గడిచినా అమలు తేదీ ప్రకటింపబడలేదు. దానికై కాచుకొని కూర్చోలేము.

రైల్వే బ్రాంచీలు రానున్న పి.ఎన్.ఎం. సమావేశాల అజెండాలో ఈ అంశాన్ని మొదటిదిగా చేర్చవలెను. ఈలోగా సభ్యులు లోపం తెలిపే ప్రతి కాగితాన్ని రెండు ప్రతులుగా వ్రాసి, ఒకదానిపై సంతకం తీసుకొని భద్రపరచవలసినదిగా కోరుతున్నాము. సంతకం నిరాకరించిన చోట, నిరాకరించిన తేదీని, వేళను ఆ ప్రతిపైననే వ్రాసి బ్రాంచి కార్యదర్శికి అందజేయవలెను.