కోర్టు ముచ్చట్లు: చెయ్యిచ్చిన మాట

న్యాయస్థానంలో నవ్వు పుట్టటానికి వకీలు చమత్కారి కానక్కరలేదు, సాక్షి విదూషకుడు కానక్కరలేదు. ఒకరి మాట మరొకరికి వేరుగా వినబడితే చాలును. ఆ భాగ్యం మా పుదుచ్చేరి పట్టణానికి పుష్కలంగా ఉన్నది. ఇక్కడ వీధి భాష తమిళం, పాత దస్తావేజుల భాష ఫ్రెంచి, కోర్టు కాగితాల భాష ఇంగ్లీషు. ఇక 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి యానాం నుండి వచ్చే సాక్షి భాష తెలుగు.

మేము అల్లిన ముచ్చట ఒకటి చిత్తగించండి. మోసం కేసులో బోనెక్కిన యానాం సాక్షి, ముద్దాయి తనకు “సమయానికి చెయ్యిచ్చాడు” అన్నాడు. తమిళంలో చెయ్యివ్వటమంటే ఆదుకోవటం. తమిళుడైన దుబాసీ అట్లే అనువదించాడు. ముద్దాయి వకీలు ముఖం చాటంత అయినది.

“అయితే నా కక్షిదారు నీకు మేలు చేశాడని ఒప్పుకొంటున్నావు?”

“చిత్తం. అదే మేలు ఆయన తమకూ చేయాలని నా కోరిక.”

“నాకా? ఏ విషయంలో?”

“తమ ఫీజు విషయంలోనండీ!”

కల్పన గనుక నవ్వి ఊరుకొన్నాము. ఇదే పట్టణంలో 1716లో నిజంగా జరిగిన విచారణలో నవ్వటానికేమీ లేదు. ఫ్రెంచి కంపెనీ ముఖ్య దళారి నాయినియప్పను గవర్నరు ఎబేర్ హయాంలో నిర్బంధించారు. ఆయనకు పోర్చుగీసు బాగా వచ్చును. ప్రశ్నలు మాత్రం ఫ్రెంచిలో వేశారు. సాక్షుల తమిళం పోర్చుగీసు మీదుగా ఫ్రెంచిలోకి మారి కాగితమెక్కినది. తమకు చదువరాని ఆ కాగితాలపైనే వారు సంతకాలు చేశారు. 50 కొరడా దెబ్బలు, 3 ఏండ్ల ఖైదు, ఆస్తి జప్తు శిక్షగా పడినవి. 1717లో నాయినియప్ప చెరలోనే మరణించారు. కుమారుడు గురువప్ప ఫ్రాన్సుకు పోయి మొరపెట్టుకొన్నాడు. పిమ్మట తీర్పు రద్దయినది. (తెలుగు ఛందోగ్రంథం అంకితం పొందిన ఆనందరంగ పిళ్ళై ఈ కుటుంబానికి బంధువే.)

నేడు క్రిమినల్ కేసులలో సాక్షికి తెలియని భాషలో వాంగ్మూలం వ్రాస్తే, దానిని అతనికి తెలిసిన భాషలో వినిపించాలని చట్టం విధించినది. నాటి పాత సంహితలోనూ, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ నియమం ఉన్నది. మా యానాం సాక్షి అప్పుడైనా “చెయ్యి” సంగతి సరిదిద్దుకోవచ్చును.

అన్నట్లు, సాక్షి హావభావాలను న్యాయమూర్తి నమోదు చేయటానికి కూడా అందులో వీలున్నది. ఫీజు మాట విన్న వకీలుగారి హావభావాలకు మాత్రం ఏ సెక్షనూ మాకు కనబడలేదు.