తాళం అడిగేది ఎవరు?

ఇంట్లో ఓ కంప్యూటరును సర్వరుగా పెట్టి, పెళ్ళి ఫోటోలు, ఇంటి కాగితాలు అందులో దాచుకోవడం మనవాళ్ళలోనూ మొదలయింది. పెద్దలు చంద్రపూర్‌లోనో బల్లార్‌షాలోనో ఉంటే, పిల్లలు పుణే, హైదరాబాదుల్లో ఉంటారు. దూరం నుంచి ఆ సర్వరు తెరవడానికి వాడేది ఎస్‌ఎస్‌హెచ్. ఫిన్లండ్‌లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో పాస్‌వర్డుల దొంగతనం జరగడంతో, 1995లో తాతు యులోనెన్ దీన్ని తయారుచేశారు.

"కీ పెట్టుకున్నాం గదా, మళ్ళీ ఏదో అడుగుతుందేం?" అన్నది అందరి సందేహం. ముందుగా, అడిగేది ఎవరో చూడాలి.

పబ్లిక్ కీ తాళం కప్ప లాంటిది. దాన్ని సర్వరుకు తగిలిస్తాం. ఎవరు చూసినా నష్టం లేదు. ప్రైవేట్ కీ తాళంచెవి. అది మన దగ్గరే ఉండాలి. ఆ చెవిని దాచిన పెట్టెకు వేసిన రహస్యపు మాటే పాస్‌ఫ్రేజ్.

తెరమీద "పాస్‌ఫ్రేజ్" అని కనబడితే, అడిగేది మీ ఎదుట ఉన్న కంప్యూటరే. ఆ మాట సర్వరుకు వెళ్ళదు. ప్రతిసారీ కొట్టడం విసుగైతే ఎస్‌ఎస్‌హెచ్-యాడ్ అనే ఆజ్ఞతో ఏజెంటుకు ఒకసారి చెప్పండి. ఇల్లాలు తాళంచెవి బొడ్లో దోపుకున్నట్టు అది పట్టుకుని ఉంటుంది. కంప్యూటరు ఆపితే మళ్ళీ చెప్పాలి. పాస్‌ఫ్రేజే తీసేయడమంటే చెవిని గుమ్మానికి వేలాడదీయడమే.

"పాస్‌వర్డ్" అని కనబడితే, అడిగేది సర్వరు. మీ చెవిని అది ఒప్పుకోలేదన్నమాట. యూజరు పేరు సరిచూడండి. సర్వరులో ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలులో మీ పబ్లిక్ కీ ఉందో లేదో చూడండి. ఆ ఫైలుకు 600, అది ఉన్న ఫోల్డరుకు 700 హక్కులు ఉండాలి. ఇతరులు రాయగలిగేలా ఉంటే సర్వరు నమ్మదు. ఎస్‌ఎస్‌హెచ్ ఆజ్ఞకు 'హైఫన్ వి' చేరిస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో వరసగా చెబుతుంది.

బ్యాంకు లాకరు చెవి పోతే, ఖర్చు ఖాతాదారుడిదే అయినా, బద్దలుకొట్టి తెరిచే ఏర్పాటుంది. పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే అదీ లేదు. కొత్త జోడీ చేసుకుని, దాని పబ్లిక్ కీని సర్వరులో చేర్చాలి. పాస్‌వర్డు దారి కూడా మూసేసి ఉంటే ఆ పని సర్వరు ఉన్న ఇంటికి వచ్చి చేయాల్సిందే. అందుకే పాస్‌వర్డు దారి మూసేముందు, ఉన్న కిటికీ మూయకుండా మరో కిటికీలో కీతో వెళ్ళి చూడండి.

చివరగా ఒక మాట. జాయింటు ఖాతాలో ఎవరి సంతకం వారిదే. అలాగే ఇంట్లో కనీసం ఇద్దరికి వేర్వేరు కీలు ఉండాలి. ఒకరి ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్క వరస కొట్టేస్తే చాలు. అంతా ఒక్క అబ్బాయి చేతిలోనే ఉంటే, అతను అందుబాటులో లేనిరోజున తాతయ్య ఫోటో ఇంట్లోనే ఉండి కూడా ఎవరికీ అందదు.