కత్తి కన్నా ముందు కంచం

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ ఖాయమైన డెబ్బై ఏళ్ల మనిషికి స్కానింగ్, గుండె పరీక్ష, రక్తపరీక్షలు తప్పనిసరిగా జరుగుతాయి. ఆరు నెలల్లో ఎంత బరువు తగ్గారన్న ప్రశ్న కూడా వాటి సరసన చేరాలి. ఇది కొత్త ప్రశ్న కాదు. 1936లోనే క్లీవ్‌లాండ్ సర్జన్ హైరమ్ స్టడ్లీ కడుపులో పుండుకు ఆపరేషన్ అయినవారి లెక్క తీశారు. బరువులో 20 శాతానికి మించి కోల్పోయినవారిలో మూడింట ఒక వంతు చనిపోయారు, మిగిలినవారిలో మరణాలు 3.5 శాతమే. కారణం ఊహకు అందేదే. గాయం మానాలన్నా, పేగు అతుకు నిలవాలన్నా ప్రోటీన్ కావాలి. తిండి చాలనప్పుడు శరీరం సొంత కండనే కరిగించుకుంటుంది. వృద్ధుల్లో ఆ కండ వయసుతోనే తరిగిపోయి ఉంటుంది. పైగా క్యాన్సర్ గడ్డ వల్ల ఆకలి మందగిస్తుంది, రక్తం పోతుంది. మనిషి లావుగా కనిపించినంత మాత్రాన లోపల కండ ఉందని నమ్మడానికి లేదు.

క్యాన్సర్ ఉండగా తిండి కోసం ఆపరేషన్ వాయిదా వేస్తారా అని కుటుంబాలు భయపడతాయి. న్యాయమైన భయమే. పేగు పూర్తిగా మూసుకుపోతే, చిల్లు పడితే ఆగడానికి వీల్లేదు. అలాంటి అత్యవసరం లేనప్పుడు మాత్రం, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవారికి 7 నుంచి 14 రోజులు పోషణ అందించాకే ఆపరేషన్ చేయాలని, క్యాన్సర్ అయినా ఇదే పద్ధతని యూరప్ పోషకాహార వైద్య నిపుణుల సంఘం చెబుతోంది. బలమైన తిండి పెడితే గడ్డ పెరుగుతుందన్నది మరో అపోహ. కడుపు మాడిస్తే గడ్డ మాడదు, మనిషి కండ కరుగుతుంది. ఇక పరిశోధనల మాట. 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో 251 మంది రోగులను పరిశీలించారు. ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు వ్యాయామం, పోషకాహారం, మానసిక ధైర్యం అందినవారిలో ఆపరేషన్ తర్వాత తీవ్ర సమస్యలు 17.1 శాతం, అందనివారిలో 29.7 శాతం. ఇందులో తిండి వాటా ఎంతో విడదీసి చెప్పలేం. 2020లో మాంట్రియల్‌లో బలహీనులైన వృద్ధులపై జరిగిన అధ్యయనంలోనైతే ఇలాంటి సన్నాహంతో సమస్యలు తగ్గనేలేదు. అయితే దీన్నిబట్టి తిండిని పక్కన పెట్టకూడదు. బాగా నీరసించినవారికి సాధారణ సలహా చాలదని, లోపాన్ని ముందే పట్టుకుని గట్టిగా సరిదిద్దాలని నేను అర్థం చేసుకుంటున్నాను.

మన ఇళ్లలో పథ్యం పేరుతో జావ, చారన్నం, బ్రెడ్డు పెట్టి పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించే అలవాటు ఇక్కడే చేటు చేస్తుంది. జబ్బుపడిన వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరమంటారు. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. జావతో ఈ లెక్క తీరదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడిగి తినాలి, పేగు ఇరుకైనవారికి మెత్తని ఆహారం, ద్రవాహారం ఇవ్వాలి. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి నోరు కట్టేయడం కూడా అనవసరం. జీర్ణాశయం ఖాళీ అవడంలో ఇబ్బంది లేనివారు మత్తుకు రెండు గంటల ముందు వరకు తేటనీళ్లు తాగవచ్చు. లోపాన్ని ముందే పట్టుకోవాలంటే జబ్బు తేలిన రోజే బరువు, ఆకలి, కండబలం చూసి కేసు షీట్‌లో రాయాలి, లోపముంటే ఆ రోజే డైటీషియన్ దగ్గరికి పంపాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద జరిగే క్యాన్సర్ ఆపరేషన్లకు ప్రభుత్వాలు దీన్ని నిబంధన చేయాలి. ఇందుకు కావలసింది ఒక తూకం యంత్రం, నాలుగు ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులను పట్టించుకునే మనిషి. ఇంత చౌకైన జాగ్రత్తను వదిలేసి ఖరీదైన శస్త్రచికిత్సను నమ్ముకోవడం రోగికి అన్యాయం చేయడమే.