తుఫాను నాడు డబ్బాలో ఏముంది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి తలుపు తీస్తే పెరట్లో కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, మా ఉద్దానం అంతటా ఇదే. కరెంటు లేదు, ఫోను లేదు, రోడ్డుకు అడ్డంగా చెట్లు. మోటారు నడవక నీళ్లు లేవు. గ్యాసు బండ రెండో రోజుకే అయిపోయింది. కట్టెలు నానిపోయాయి.

మూడో రోజు పిల్లలు ఆకలన్నారు. బస్తాలో బియ్యం ఉన్నాయి, ఉడకబెట్టే దారి లేదు. నాకు అటక మీది రేకు డబ్బా గుర్తొచ్చింది. మా నాయనమ్మ నాటి డబ్బా అది. పెద్ద మూత, పక్కన ఇనుప కడియాలు. ఒక్క పరుగున ఎక్కి దించాను. మూత తీస్తే పాత కరెంటు బిల్లులు, తెగిపోయిన ఛార్జరు వైర్లు, ఎవరిదో పెళ్లి శుభలేఖ. చేతిలో ఆ బిల్లులు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. సాయంత్రానికి రోడ్డు మీదకి లారీ వచ్చిందంటే వీధి వీధంతా పరిగెత్తాం. వరి పండించేవాళ్లం, నువ్వులు పండించేవాళ్లం, పెరట్లో కొబ్బరి ఉన్నవాళ్లం, బిస్కెట్ ప్యాకెట్టు కోసం చేతులు చాచాం. ఇచ్చినవాళ్లకి దణ్ణం పెట్టాలి. నా సిగ్గు మా గురించే.

తుఫాను చెప్పకుండా వచ్చిందని అనడానికి లేదు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న వచ్చింది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12నే వచ్చింది. తిత్లీ 11న. మూడుసార్లు దాదాపు ఒకే తేదీ. ఆశ్వయుజం మాకు గాలివాన నెల అని మా పెద్దవాళ్లకి ఏ వాతావరణ శాఖ చెప్పకముందే తెలుసు. అందుకే దసరా ముందు ఆ డబ్బా నిండేది. నిండుగా ఉండాల్సిన నెలలో దాన్ని ఖాళీగా ఉంచినవాళ్లం మేమే. అది ఖాళీ అవడానికి పట్టిన ముప్పై ఏళ్లలో నా పాలు ఎంతుందో చెప్పుకోవాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఏ నెలలో ఏది దాచాలో మా ఇంట్లో ఒక లెక్క ఉండేది. అరిసెలు, పోకుండలు పెద్ద పండుగకే. పుష్యమాసపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బెల్లం వంటలు నిలుస్తాయి. బెల్లం చెమ్మను లాగుతుంది, వానల్లో చేస్తే నాలుగు రోజులకే మెత్తబడి బూజు ఎక్కుతాయి. ఎండల్లో మామిడి తాండ్ర, తాటి తాండ్ర. విజయనగరం వైపు భీమాలి తాండ్రకి ఈ రోజుకీ పేరుంది. వానలు ముదిరే నెలల్లో మాత్రం నూనె తగలనివి, పాకం లేనివి: మురీలు (మరమరాలు), అటుకులు, వేయించిన సెనగలు, మినప సున్నిపిండి. సున్నిపిండిని పిండిగానే దాచేవారు, తినేటప్పుడే బెల్లం, నెయ్యి కలిపి ఉండ కట్టేవారు. పొయ్యి వెలగకపోయినా గుప్పెడు మురీలు, చిన్న బెల్లం ముక్క, గ్లాసుడు నీళ్లు ఉంటే పిల్లాడు పడుకుంటాడు. వీటిని మేము చిరుతిండి అనేవాళ్లం. గాలివాన నెలలో అవే ఇంటిని కాచేవి.

దాచడం కూడా ఒక విద్యే. నాయనమ్మ డబ్బాను నేల మీద పెట్టనిచ్చేది కాదు, పీట వెయ్యాలి. గోడకు ఆనించనిచ్చేది కాదు, వానాకాలం గోడ చెమరుస్తుంది. మూతకీ డబ్బాకీ మధ్య ఉతికిన గుడ్డ వేసేది. సగం ఖాళీ కాగానే మిగిలింది చిన్న డబ్బాలోకి మార్చేది. ఖాళీ జాగాలో గాలి చేరుతుందని, నూనెలో వేగినదాన్ని కంపు పట్టించేది ఆ గాలి, వెలుతురు, వేడేనని ఆమె ఎక్కడా చదువుకోలేదు. ఒకసారి నేను పెద్దరికంగా వేడి వేడి జంతికల మీద మూత పెట్టేశాను. ఆమె పరుగున వచ్చి తీసేసింది.

"ఉడుకు మీద మూతెట్టీసినావేటి నాయినా? సల్లారనీ. దాని సెమటంతా మళ్లా దాని మీదే పడతాది."

మూత లోపల నిలిచిన నీటి చుక్కలు చూపించింది. తర్వాత ఎన్నో చదివాను గానీ తేమ గురించి అంతకన్నా బాగా నాకెవరూ చెప్పలేదు.

ఇంత తెలిసిన ఇంట్లో ఆ డబ్బా ఎందుకు ఖాళీ అయింది? "టైము లేదు" అంటాం. అది అబద్ధం. మా ఊళ్లో పిండివంట ఏనాడూ ఒక్కరి పని కాదు. పండుగ పది రోజులుందనగా వీధిలో ఆడవాళ్లు వరస పెట్టుకునేవారు, ఈ రోజు మా ఇల్లు, రేపు ఎదురింటి అప్ప (అక్కని మేము అలాగే అంటాం) వాళ్లిల్లు. ముందు రోజు నానబెట్టిన బియ్యం వడగట్టి రోట్లో పోస్తే ఒకరి రోకలి లేస్తుంటే ఒకరిది పడేది. ఇంకొకరు జల్లించేవారు. తడిపిండి ఆరిపోకుండా గుడ్డ కప్పి నొక్కిపెట్టేవారు. పాకం దగ్గర మాత్రం అమ్మే కూర్చోవాలి. నీళ్ల గిన్నెలో చుక్క వేసి వేళ్లతో పోగు చేసి చూసేది. కరిగిపోతే లేత, గట్టిగా గిన్నెకు తగిలి మోగితే ముదురు. మెత్తని ఉండ కట్టి వేలి మీద నిలవాలి. ఆ క్షణంలో దించాలి. దించిన వెంటనే ఒకరు పిండి పోస్తుంటే ఇద్దరు తెడ్డు తిప్పాలి. ఆ తిప్పడానికి భుజాలు కావాలి. అరటాకు మీద తట్టేవారు ఒకరు, నూనెలో వేసేవారు ఒకరు, రెండు గరిటెల మధ్య నొక్కి నూనె దించేవారు ఒకరు. ఆరుగురు లేకపోతే ఆ పని సాగదు.

మరి మగవాళ్లం? వాకిట్లో మంచం మీద కూర్చుని, మొదటి వాయి దిగగానే "ఏదీ, ఉప్పూ కారం చూద్దాం" అని చెయ్యి చాచేవాళ్లం. పొలంలో ధాన్యం బస్తాలు వీపు మీద మోసినవాళ్లం. పాకం తెడ్డు తిప్పడానికి మా భుజాలు ఎప్పుడూ వెళ్లలేదు. మమ్మల్ని ఎవరూ పిలవలేదనడం సాకు. పొయ్యి దగ్గర పొగలో కళ్లు తుడుచుకుంటున్న మనిషి పిలిస్తేనే వెళ్తామా?

తర్వాత పిండిమర వచ్చింది. అది రావడం మంచిదే, అమ్మ భుజాల నొప్పి తగ్గింది. మర మీద నింద వెయ్యను. పిండి మరకు పోయాక వీధిలో వరస పోయింది. ఎవరి పిండి వారిది, ఎవరి పొయ్యి వారిది. దానికి తోడు వలస. మా వైపు నుంచి విశాఖకి, విజయవాడకి, హైదరాబాదుకి, చెన్నైకి కూలికి పోయారు, వేటకు వెరావల్ దాకా పోయారు. అప్పలు కూడా పోయారు. ఆరుగురు చేసిన పని అమ్మ ఒక్కర్తీ చెయ్యడం మొదలుపెట్టింది. మేము చూశాం. చూసి, "ఈసారి జంతికలు కొంచెం గట్టిగా వచ్చాయమ్మా" అన్నాం.

నా సంగతి చెప్పాలి. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో అమ్మ నాకు బస్సులో డబ్బా పంపింది. యాభై అరిసెలు. ఆకు పరిచి, గుడ్డ వేసి, మూత తాడుతో కట్టి. డబ్బా నామోషీ అనిపించి అరిసెలు ప్లాస్టిక్ సంచీలోకి తీసి మూతి ముడేసి రేకుల గదిలో కిటికీ పక్కన పెట్టాను. బయట అమ్మే సమోసాలు తింటూ దాని సంగతే మరిచాను. పన్నెండు రోజులకి విప్పితే లోపల పచ్చని బూజు. గదిలో ఐదుగురం ఉన్నాం, ఐదుగురివీ ఇటువైపు ఊళ్లే, ఐదుగురమూ ఏదో ఒక రోజు ఇలా చేసినవాళ్లమే. ఎవరూ చూడకముందే సంచీ వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చాను. ఫోనులో అమ్మకి "అయిపోయాయమ్మా, మా వాళ్లంతా లొట్టలేసుకుని తిన్నారు" అని చెప్పాను.

మరుసటేడు అమ్మ నూరు అరిసెలు చేసి పంపింది. అప్పటికే ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పీట మీద కూర్చుంటే లేవలేకపోయేది. నా అబద్ధం ఆమెని ఆ పీట మీద ఇంకో రోజంతా కూర్చోబెట్టింది. ఈ సంగతి నేను ఆమెకి చెప్పలేదు. చెప్పడానికి ఇప్పుడు ఆమె లేదు.

అమ్మ పాకం చూసే తీరు రాసి పెట్టుకున్నవాడు మా ఇంట్లో లేడు. అన్నయ్య ఇంజనీరు, నేను నాలుగు అక్షరాలు రాసి బతుకుతున్నాను. ఊళ్లో ఎవరి భూమి సరిహద్దు ఎక్కడో గజాల్లో చెప్పగలం. అమ్మ కేజీ బియ్యానికి బెల్లం ఎంత వేసేదో మా ఇద్దరికీ తెలీదు.

ఇంకో తప్పు కూడా ఉంది, అది ఊరందరిదీ. మా వైపు చోడి పిండితో అంబలి, ఉండలు, రొట్టె, ఏదో ఒకటి రోజూ ఉండేది. రాగుల్ని మేము చోళ్లంటాం. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే దాన్ని పేదవాడి తిండిగా పక్కకు నెట్టాం. చుట్టాలొస్తే చోడి ఉండలు దాచేసి బేకరీ కేకు పెట్టాం. మా ఇంట్లోనే ఒకసారి పట్నం నుంచి కొత్త అల్లుడు వచ్చాడని పళ్లెంలోంచి మురీ ఉండలు తీయించారు, నేనూ పక్కనే ఉన్నాను. తీరా ఏమైంది? 2020లో బడి భోజనంలోకి ప్రభుత్వం పల్లీ చిక్కీ తెచ్చింది, 2023 మార్చిలో రాగిజావ మొదలుపెట్టింది. అదే ఏడాదిని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చోడి వంగడాలు తయారవుతూనే ఉన్నాయి, చేను మన పక్కనే ఉంది. మన పిల్లలకి మన చోడి బడి గ్లాసులో దొరికింది. ఇంటి గ్లాసులో మనం ఏం పోశామో మన పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది.

కొట్టు ముందు వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్ల దండ ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. పలాసలో దానికోసమే ఆసుపత్రి కట్టారు. అక్కడ డాక్టరు ఉప్పు తగ్గించమని చెప్పి పంపుతాడు. ఇంటికొచ్చే దారిలో మనవడికి ఉప్పు దట్టించిన ప్యాకెట్టు కొని చేతిలో పెడతాం. అమ్మ చేసిన జంతికల్లోనూ ఉప్పుంది, కాదనను. కానీ ఎంత వెయ్యాలో ఆ చేతికి తెలిసేది, ఆ చెయ్యి మన ఇంట్లోనే ఉండేది.

నూనె సంగతీ అంతే. ఒకప్పుడు గానుగ నుంచి వచ్చిన నువ్వుల నూనెను మంచినూనె అనేవారు. నువ్వుల్లో నూనెను త్వరగా కంపు పట్టనివ్వని గుణం ఉంది. నువ్వులు మన చేలలోనే పండుతున్నాయి. అమ్ముకుని, ఆ డబ్బుతో పామాయిల్ ప్యాకెట్టు కొన్నాం. పండక్కి కాచిన నూనెను మూడు వారాలు మళ్లీ మళ్లీ కాచాం. కాచిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి దేశంలో నిబంధన ఉంది. హోటలు వాడు పాటించడం లేదని కోప్పడతాం. మన మూకుడులో నల్లబడి నురగ కట్టేదాన్ని ఎవరు చూస్తారు? డబ్బా అడుగున పాత పేపరు పరవడం కూడా మనం తెచ్చిన అలవాటే. నాయనమ్మ ఆకు పరిచేది. పేపరు సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రతా సంస్థ 2023లో కూడా మళ్లీ హెచ్చరించింది.

పోయినేడు మా మేనకోడలి పెళ్లికి సారె మొత్తం ఆర్డరు ఇచ్చాం. అరిసెలు, పోకుండలు, లడ్డూలు, చలిమిడి, అన్నీ అట్టపెట్టెల్లో దిగాయి. తెచ్చిన కుర్రాడిని అడిగితే, చేసేది పక్క ఊరి ఆడవాళ్లు పన్నెండు మందట, రోజు కూలి ఇస్తారట. ఆ కూలి గురించి విని నాకు సంతోషమే కలిగింది. మా ఇంట్లో జీవితాంతం చేసిన మనిషికి మేము ఏనాడూ కూలి లెక్క కట్టలేదు, కనీసం తెడ్డు కూడా పట్టలేదు. ఆడవాళ్లు మళ్లీ పొయ్యి దగ్గరకు రావాలని నేను అడగను. అడిగే మొహం మాకు లేదు.

ఈ పెద్ద పండుగకి మా అప్ప ఊరికి వచ్చింది. ఇద్దరం కలిసి అరిసెలు చేద్దామనుకున్నాం. అటక మీది డబ్బా దించి, బిల్లులు తీసేసి, కడిగి రెండు రోజులు ఎండలో పెట్టాను. పాకం నేనే చూస్తానన్నాను. నీళ్ల గిన్నెలో చుక్క వేశాను, కరిగింది. ఇంకాసేపు ఉంచాను. మళ్లీ వేశాను, వేలికి అందింది గానీ అదేనా కాదా అని అడగడానికి పక్కన ఎవరూ లేరు. అప్పకీ తెలీదు, ఆమె ఎప్పుడూ జల్లించే మనిషే. అనుమానంతో ఇంకొక్క నిమిషం ఆగాను. ఆ నిమిషంలోనే ముదిరిపోయింది. పిండి పోసి తెడ్డు తిప్పుతుంటే భుజాలు పట్టేశాయి, పిండి కుదరలేదు. తట్టినవి అంచులు విచ్చుకున్నాయి. వేగినవి రాళ్లలా వచ్చాయి.

పారేద్దామన్నాను. అప్ప ఒక్క మాట కూడా అనకుండా గుడ్డ మీద పరిచి చల్లారనిచ్చింది. సాయంత్రం దాకా ఆగి, డబ్బా అడుగున అరటాకు వేసి, ఒక్కొక్కటే పేర్చింది.

"పాలల్లో నానేసుకుని తిందాం," అంది. "రెండో వాయికి బియ్యం నానబోసీనా?"