పత్తి స్లాటుకు బటన్ ఫోన్ దారి కూడా కావాలి

సంపాదకులకు,


కొత్త ఫోన్లన్నా, యాప్‌లన్నా నాకు ప్రాణం. మా ఊళ్లో ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు నన్నే అడుగుతారు. పత్తి రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కూడా కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పంట అమ్ముకోవడానికి రైతుకు స్మార్ట్‌ఫోన్ తప్పనిసరి కాకూడదు.

భారత పత్తి సంస్థ (సీసీఐ) 2025 ఆగస్టు చివర ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే రైతు అందులో ఆధార్‌తో నమోదు కావాలి, ఏ రోజు ఏ జిన్నింగ్ మిల్లుకు తెస్తాడో స్లాట్ బుక్ చేసుకోవాలి. ఉద్దేశం మంచిదే. మిల్లు గేటు ముందు రాత్రంతా బండ్లు బారులు తీరడం తగ్గాలి, రైతుల పేరుతో వ్యాపారులు అమ్ముకోవడం ఆగాలి. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

చిక్కల్లా యాప్ ఒక్కటే దారిగా పెట్టడంతో వచ్చింది. భూపాలపల్లి జిల్లాలో పలిమెల, మహాముత్తారం వైపు, మహబూబాబాద్ జిల్లాలో గంగారం, కొత్తగూడ వైపు అడవి పల్లెల్లో సిగ్నల్ సరిగా అందదు. జనగామ వైపు సిగ్నల్ బాగానే ఉన్నా, వయసు మళ్లిన చాలామంది రైతుల జేబులో ఉండేది బటన్ ఫోనే. అదీ ఎప్పుడూ రీచార్జితో ఉండదు. 90 రోజులు వాడకుండా ఉండి, బ్యాలెన్స్ 20 రూపాయల కన్నా తగ్గితే కంపెనీ ఆ నంబరును తీసేయవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనే ఉంది. నమోదప్పుడు ఇచ్చిన నంబరు పోయాక ఓటీపీ ఎవరికి వస్తుంది?

పత్తికి తేమ లెక్క ఇంకొకటి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాకా ఉంటేనే పూర్తి ధర, ఆపైన కోత, 12 దాటితే కొనరు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు మన వైపు పత్తి తడిసింది. అలా తడిస్తే ఆరేదాకా స్లాటు వెనక్కి జరపాలి. యాప్ వాడటం రాని రైతు అందుకు ఇంకొకరి ఫోన్ పట్టుకోవాలి. ఊళ్లో పత్తి కొనే చిరు వ్యాపారే ఆ సాయం చేస్తే, దళారిని తప్పించాల్సిన యాప్ దళారి చేతిలోకే పోతుంది.

‘పిల్లలతోనో, జిరాక్స్ షాపులోనో చేయించుకోవచ్చు కదా’ అనేవాళ్లున్నారు. పిల్లలు హైదరాబాద్‌లో పనుల్లో ఉన్నారు. ఇక షాపులో చేయించుకోవాలంటే ఓటీపీ చదివి వినిపించాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఒకవైపు ప్రచారం చేస్తూ, పంట అమ్మాలంటే చెప్పక తప్పని స్థితి తెచ్చిపెడితే, సైబర్ మోసగాళ్ల ముందు రైతు ఎలా నిలబడతాడు?

బటన్ ఫోన్‌తో ఇలాంటి పనులు కావని ఎవరూ అనలేరు. 2021 జనవరి నుంచి ఇండేన్ గ్యాస్ మిస్డ్ కాల్‌తో బుక్ అవుతోంది. ఇంటర్నెట్ లేని ఫోన్ల కోసం 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ‘యూపీఐ 123పే’ ప్రారంభించింది. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరులో తెలుగులోనూ జవాబిస్తోంది. డబ్బులే బటన్ ఫోన్‌తో పంపగలిగినప్పుడు స్లాటు తేదీ ఎందుకు మార్చలేం?

నేను కోరేవి నాలుగే. స్లాటు బుకింగుకు, తేదీ మార్పుకు తెలుగులో మాట్లాడే ఫోన్ నంబరు పెట్టాలి. ఖరారైన తేదీ, మిల్లు పేరు తెలుగు ఎస్సెమ్మెస్‌లో రావాలి. తెలంగాణలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. కొనుగోళ్ల కాలంలో వాటిలో కంప్యూటరు, మనిషి పెట్టి, వేలిముద్రతో స్లాటు రాసిచ్చి చిట్టీ చేతికివ్వాలి. యాప్‌ను విడుదల చేసే ముందు చవక ఫోన్‌లో, సిగ్నల్ అందని ఊళ్లో పరీక్షించాలి. మధ్యలో సిగ్నల్ పోయినా నింపిన వివరాలు పోకూడదు.

పత్తి తర్వాత యూరియాకూ యాప్ వచ్చింది. రేపు వడ్లకు రావచ్చు, మిర్చికి రావచ్చు. అందుకే ఈ పద్ధతిని ఇప్పుడే సరిదిద్దాలి. పైన చెప్పిన మూడు జిల్లాల కలెక్టర్లు, వ్యవసాయ శాఖ, సీసీఐ కలిసి కూర్చొని, వచ్చే పత్తి ఏరడం మొదలయ్యేలోగా ఆ ఫోన్ నంబరును ప్రతి పంచాయతీ గోడ మీద రాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పత్తి రైతు కొడుకు,
తొర్రూరు, మహబూబాబాద్ జిల్లా