కెమెరా ఎవరి ఎత్తున?

అరకు పేరు వినగానే సినిమావాళ్లకీ పర్యాటక ప్రకటనలు రాసేవాళ్లకీ ముందు గుర్తొచ్చేది థింసా నృత్యం. చేతులు పెనవేసుకుని వలయంగా కదిలే ఆడవాళ్లు, వెనక పచ్చటి కొండలు. వాళ్లలో ఒక్కరూ నోరు విప్పరు. మహిళా సంఘాలు సొంతంగా డాక్యుమెంటరీలు తీయటం మొదలుపెడితే ఈ మౌనం పోతుందని ఆశపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

కొన్నేళ్ల క్రితం అక్కడి ఒక కోదు గ్రామంలో, అటవీ భూముల పట్టాల గురించి ఒక పెద్దావిడను అడిగాం. ఆవిడ కువి భాషలో నాలుగైదు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి ఎదుటి పోడు వైపు చెయ్యి చూపింది. మాకు దుబాసీగా వచ్చిన యువకుడు "పట్టా సరిగ్గా రాలేదంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చాడు. మేం ఆ ముక్కనే తెర కింద అక్షరాల్లో వేశాం. చాలాకాలం తర్వాత మరో కోదు స్త్రీ అదే రికార్డింగు విని అసలు సంగతి చెప్పింది. పట్టా వచ్చింది, కానీ భర్త ఒక్కడి పేరనే వచ్చింది. కొండ నరికి చదును చేసిన చేతులు తనవి కూడా కదా అని ఆవిడ అడుగుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లైనవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. అంటే ఆవిడ చట్టం మాట్లాడింది. ఆ మాటని మేమే, స్త్రీల హక్కుల కోసం తీసిన చిత్రంలోనే, మింగేశాం.

అప్పటి నుంచి నాకు డాక్యుమెంటరీ నైపుణ్యం అంటే మొదట అనువాదమే. కెమెరా తర్వాత. దుబాసీ స్త్రీ అయి ఉండాలి, ఆ భాష ఇంట్లో మాట్లాడేదై ఉండాలి, ఎడిటింగు దగ్గర కూడా కూర్చోవాలి. దానికి కూలి ఇవ్వాలి. (మన ప్రాజెక్టు బడ్జెట్లలో జీపు అద్దెకి గడి ఉంటుంది, దీనికి ఉండదు.)

కెమెరా ఎక్కడ పెట్టాలన్నది జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీలు మనకంటే బాగా చెప్పారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల నుంచి వచ్చి, 1990ల చివర్లో వీడియో నేర్చుకున్న చిన్న రైతులు వాళ్లు. చాలామందికి చదువు రాదు. పైనుంచి కిందికి చూసే షాట్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్. కొండ ఊళ్లలో ఆడవాళ్లు నేలమీద కూర్చుని మాట్లాడతారు, మన కెమెరామన్ నిలబడే తీస్తాడు. ఒకసారి ఇలాగే, మైకులో చప్పుడు వస్తోందని ఒకావిడ మెడలో పూసల దండలు తీసెయ్యమన్నాడు. ఆవిడ తియ్యలేదు. మైకే జరిగింది.

అయితే ప్రతి ముఖాన్నీ సమానంగా చూపించటం కూడా న్యాయం కాని సందర్భాలున్నాయి. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోదు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు లోపాలను తప్పుపడుతూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. ఇన్నేళ్లలో పత్రికల్లో, సభల్లో ఆ ఊరి పేరే వాళ్ల పేరైపోయింది. ఉద్యమానికి ఆ పేరు అవసరమైంది, నిజమే. కానీ అంత చిన్న ఊళ్లో ఎవరు ఎవరో తెలియనిదెవరికి?

బాధితురాలి ఆనవాళ్లు బయటపెట్టటం ఒకప్పుడు శిక్షాస్మృతి 228ఎ కింద నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72 కింద నేరం. దూరంగానైనా గుర్తుపట్టే వివరం ఏదీ ఇవ్వరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం మాత్రం ముఖం మసకచేసి ఊరుకుంటాం. గొంతు, ముక్కుపుడకలు, నుదుటి పచ్చబొట్టు, వెనకనున్న అరుగు, ఇవన్నీ అలాగే ఉంటాయి.

ఇక అంగీకారం. తెలుగులో రాసిన కాగితం మీద వేలిముద్ర తీసుకుంటాం. అది ఎక్కువగా మనకే రక్షణ. సభలో చూపిస్తామని తీసింది రేపు పాడేరు సంతలో ప్రతి సెల్‌ఫోన్‌లోకీ వస్తుంది. దానికి ఆమెను విడిగా అడగాలి. పూర్తికాకముందే ఊళ్లో చూపించాలి, వద్దన్నది తీసెయ్యాలి. "దీనివల్ల చిత్రం బలహీనపడదా?" అని శిక్షణ శిబిరాల్లో యువ మిత్రులు అడుగుతుంటారు. పడుతుంది, కొన్నిసార్లు. పడనిద్దాం.

తెర కింద మాటలు సరిచేసి మేం ఆ పెద్దావిడ ఊరికి మళ్లీ వెళ్లాం. లాప్‌టాప్ చుట్టూ ఊరంతా మూగింది. మరిది గురించి తనన్న రెండు మాటలు తీసెయ్యమంది, తీసేశాం. నవ్వు ఉంచమంది. ఆ తర్వాత పట్టా కాగితం ప్లాస్టిక్ సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టి, తన పేరు ఎక్కించటానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పమంది.